ఇచ్చిన చందాకు లెక్క అడగొచ్చా? స్వచ్ఛంద సంస్థలు, చట్టాలు, రావాల్సిన మార్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు వైపు ఊళ్లలో చందా రసీదు బుక్కు కనపడని నెల ఉండదు. గుడికి, బడికి, పీర్ల పండుగకు, అన్నదానానికి, ఆపరేషన్‌కు పైసలు లేని పిల్లవాడికి, ఎండాకాలం చలివేంద్రానికి అడుగుతూనే ఉంటారు. మనవాళ్లు లేదనకుండా ఇస్తూనే ఉంటారు. ఇచ్చిన పైస ఏమైందో తెలుసుకోవడమే కష్టం. చాలా ఏళ్లుగా మా ఊరి చిన్న సంఘానికి కోశాధికారిగా జమా ఖర్చులు రాస్తున్నాను. జనం నన్ను అడిగినవి, నేను పదిమందిని అడిగి, చట్టాలు చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ఈ విషయం మీకెందుకు పట్టింది?

మాది ఫ్లోరైడ్ ఊరు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లలో అంతకంటే ఎన్నో రెట్లు ఉండేది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో కాళ్లు వంకర పోయిన పిల్లల ఫోటోలు దేశమంతా చూసింది. ఆ ఫోటోలు చూసి ఎక్కడెక్కడి నుంచో సంస్థలు వచ్చాయి, వాటి వెంట డబ్బూ వచ్చింది. చాలామంది నిజంగానే పనిచేశారు. మిషన్ భగీరథ నల్లా రాకముందు అలాంటివాళ్లు పెట్టిన ప్లాంట్ల నీళ్లే మాకు దిక్కు.

అట్లా వచ్చిన ఒక సంస్థ మా దగ్గర ఇంటికి ఇంత అని వసూలు చేసి, బయటి దాతల దగ్గరా తీసుకుని ఫిల్టర్ ప్లాంటు పెట్టింది. ఏడాది తిరగకముందే అది ఆగిపోయింది. మెంబ్రేన్ మార్చాలట, పైసలు లేవట. మొత్తం ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని అడిగాను. నిర్వాహకుడు ఎదురు ప్రశ్న వేశాడు: "నువ్వు మా సొసైటీల మెంబర్‌వా?" కాదన్నాను. "మరి నీకెందుకు చెప్పాలె లెక్క?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత చట్టం తెప్పించుకుని చదివితే ఇంకో బాధ మొదలైంది. ఆయన మాట్లాడిన తీరు బాగా లేకపోయినా, ఆయన మాటకు చట్టంలో ఆధారం ఉంది. ఆ ప్లాంటుకు పైసలిచ్చిన నేను గానీ, ఆ నీళ్ల మీద బతికే మా ఊరు గానీ ఆ చట్టంలో ఎక్కడా లేము.

దానం చేసి లెక్క అడిగితే పుణ్యం పోదా?

ఈ మాట మా అమ్మ కూడా అనేది. దానికి నా జవాబు పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లికి వచ్చినప్పుడు, భూమి లేని 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని నిలబడ్డారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. కానీ దానమిచ్చిన భూమిని కొలవాలి, హద్దులు రాయాలి, పట్టా మార్చాలి, పేదవాడి చేతికి ముట్టిందో లేదో చూడాలి. అందుకే 1965లో భూదాన, గ్రామదాన చట్టం చేయాల్సి వచ్చింది. చట్టం వచ్చాక కూడా రికార్డు సరిగ్గా లేని భూదాన భూములు చేతులు మారాయి, కబ్జా అయ్యాయి, కోర్టుల్లో నలిగాయి. ఇచ్చినాయన మనసులో ఏ లోపమూ లేదు, కాగితం లేకనే ఇదంతా జరిగింది. లెక్క అడిగేది దాతను అవమానించడానికి కాదు. ఆయన ఇచ్చింది ఎవరి కోసం ఇచ్చాడో వాళ్లకు చేరాలని.

అసలు స్వచ్ఛంద సంస్థ అంటే చట్టం దృష్టిలో ఏమిటి?

సంస్థ పెట్టడానికి మూడు దారులున్నాయి. ఒకటి సొసైటీ. కనీసం ఏడుగురు కలిసి, నియమావళి రాసుకుని, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకుంటారు. మన దగ్గర దీనికి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. అంతకుముందు తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ నాటి నిజాం కాలపు చట్టం నడిచేది. రెండోది ట్రస్టు. ట్రస్ట్ డీడ్ రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తారు. మూడోది లాభం పంచుకోని కంపెనీ, దీన్ని 2013 కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద పెడతారు.

ఈ మూడింటిలో కంపెనీ లెక్కలు మాత్రమే బయటివాళ్లు సులువుగా చూడగలరు. కొద్దిపాటి ఫీజు కడితే కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో బ్యాలెన్స్ షీటు కనపడుతుంది. సొసైటీకి, ట్రస్టుకు అట్లాంటి ఏర్పాటు లేదు. ఊళ్లలో మన దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఈ రెండు రకాలే.

ట్రస్టుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం ప్రైవేటు ట్రస్టులకే. ప్రజల కోసం పెట్టిన ధర్మ సంస్థలకు 1987 నాటి దేవాదాయ, ధర్మాదాయ చట్టం వర్తిస్తుంది, నమోదైనా కాకపోయినా. అయినా నేను చూసిన ట్రస్టుల్లో చాలావరకు డీడ్ రిజిస్టర్ చేయించి అక్కడితో ఆగిపోయాయి. ధర్మాదాయ శాఖ వాటిని అడగలేదు, అవీ ఆ శాఖకు చెప్పలేదు.

రిజిస్ట్రేషన్ నంబరు ఉందంటే ప్రభుత్వం చూసుకుంటున్నట్టే కదా?

కాదు. అందరూ మోసపోయేది ఇక్కడే. కరపత్రం మీద "ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థ" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఫలానా రోజు ఫలానా పేరుతో ఒక సంఘం పుట్టిందని చెప్పడం వరకే రిజిస్ట్రేషన్ పని. ఆ సంఘం ఇవాళ బతికుందో లేదో, లెక్కలు రాస్తుందో లేదో దానివల్ల తెలియదు.

2015లో సుప్రీంకోర్టు అడిగితే సీబీఐ దేశమంతా సమాచారం సేకరించింది. సొసైటీలుగా నమోదైన సంస్థలు దాదాపు 30 లక్షలని, వాటిలో వార్షిక లెక్కలు దాఖలు చేసేవి సుమారు 2 లక్షల 90 వేలేనని చెప్పింది. అంటే పదింటిలో ఒకటి కూడా కాదు. మిగతావన్నీ దొంగ సంస్థలని నేను అనను. వాటిలో చాలా యువజన సంఘాలు, కాలనీ సంఘాలు, ఎప్పుడో మూతపడినవి ఉంటాయి. అయితే మంచి సంస్థ ఏదో, పేరుకే మిగిలింది ఏదో చూసి తెలుసుకునే వీలు పౌరుడికి లేదు. నిజాయితీగా పనిచేసేవాళ్లకు జరుగుతున్న అన్యాయం కూడా ఇదే.

నేను చందా ఇచ్చాను, సభ్యుడిని కాను. నాకు ఏం హక్కు ఉంది?

ఇప్పుడున్న చట్టంలో చాలా తక్కువ. 2001 చట్టం సెక్షన్ 23 ప్రకారం సొసైటీ వ్యవహారాల మీద గొడవ వస్తే "ఏ సభ్యుడైనా" మధ్యవర్తిత్వానికి పోవచ్చు, లేదా జిల్లా కోర్టుకు దరఖాస్తు పెట్టవచ్చు. సభ్యుడు కాని దాతకు ఆ దారి లేదు. ఆ సంస్థ ఎవరి పేరు చెప్పి డబ్బు తెచ్చిందో ఆ మనిషికి కూడా లేదు. ఆమె నల్లమలలోని చెంచు పెంట (చెంచుల గూడెం) నుంచి వచ్చిన తల్లి కావచ్చు, బొంబాయికి వలసపోయిన కూలీ వదిలివెళ్లిన ముసలావిడ కావచ్చు.

ప్రజా ట్రస్టు విషయంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 ఉంది. ఆ ట్రస్టుతో సంబంధం ఉన్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది, కోర్టు అనుమతి తీసుకుని దావా వేయవచ్చు. లెక్కలు చూపమని, ట్రస్టీని తీసేయమని కోరవచ్చు. కాగితం మీద మంచి హక్కే. కానీ 500 రూపాయల చందా కోసం వకీలు ఫీజు పెట్టుకుని ఏళ్లకేళ్లు కోర్టుకు ఎవరు తిరుగుతారు? ధర్మాదాయ చట్టం పరిధిలోని సంస్థ అయితే ముందు ఆ శాఖ దగ్గరికే పొమ్మంటారు.

పైసలు తీసుకున్నది మోసం చేసే ఉద్దేశంతోనే అయితే, లేదా సొంతానికి వాడుకుంటే పోలీసు కేసు పెట్టవచ్చు. భారతీయ న్యాయ సంహితలో మోసానికి సెక్షన్ 318, నమ్మకద్రోహానికి సెక్షన్ 316. మరి మోసం కాని నిర్లక్ష్యం, లెక్క చెప్పని మొండితనం ఏ సెక్షన్ కిందికీ రావు.

సమాచార హక్కు చట్టం పనికొస్తుందా?

వస్తుంది. చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

సొసైటీ ప్రైవేటు సంస్థే కావచ్చు, కానీ జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు ప్రభుత్వ కార్యాలయం. సంస్థ అక్కడ దాఖలు చేసిన ప్రతి కాగితం ఆ ఆఫీసు రికార్డే. పైగా 2005 చట్టం "సమాచారం" అనే మాటకు ఇచ్చిన అర్థంలో ఇంకో వెసులుబాటు ఉంది. ఏ ఇతర చట్టం కిందనైనా ఒక ప్రభుత్వ కార్యాలయం ఒక ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగల సమాచారం కూడా అందులోకే వస్తుంది. అందుకే దరఖాస్తులో "మీ దగ్గర ఉన్నవి" అని మాత్రమే రాయకండి, "మీరు చట్టప్రకారం తెప్పించుకోగలిగినవి" అని కూడా రాయండి. జిల్లా ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, తెల్ల కార్డు ఉన్నవాళ్లకు ఉచితం. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

రాసేటప్పుడు ఇట్లా రాయండి: "ఫలానా నంబరు గల సొసైటీ 2019 నుంచి ఇప్పటివరకు మీ కార్యాలయంలో దాఖలు చేసిన కార్యవర్గ జాబితాలు, వార్షిక లెక్కల ధ్రువీకృత నకళ్లు ఇవ్వగలరు. ఏ సంవత్సరానికి దాఖలు చేయలేదో ఆ సంవత్సరాలు పేర్కొనగలరు. దాఖలు చేయనందుకు మీరు ఇచ్చిన నోటీసుల నకళ్లు ఇవ్వగలరు." చివరి వాక్యం వదలకండి. సంస్థ నిద్రపోతుందో, ఆఫీసు నిద్రపోతుందో ఆ ఒక్క వాక్యానికి వచ్చే జవాబుతో తేలిపోతుంది.

సంస్థ ప్రభుత్వ నిధుల మీదే ఎక్కువగా నడుస్తుంటే నేరుగా దానికే దరఖాస్తు పెట్టవచ్చు. డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో 2019లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ప్రభుత్వం గణనీయంగా నిధులిచ్చే స్వచ్ఛంద సంస్థ కూడా సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. తక్కువ ధరకు ఇచ్చిన ప్రభుత్వ భూమిని కూడా ఆ నిధుల లెక్కలో చూడవచ్చు.

ఆదాయపన్ను శాఖ వాళ్లు చూస్తారు కదా, ఇంకో చట్టం ఎందుకు?

ఇప్పుడు దేశంలో స్వచ్ఛంద సంస్థల లెక్కలు కాస్త గట్టిగా చూసేది ఆదాయపన్ను శాఖే. పన్ను మినహాయింపు కావాలంటే నమోదు చేసుకోవాలి. ఒకసారి చేసుకుంటే జీవితాంతం సరిపోయే పద్ధతి 2021 ఏప్రిల్ నుంచి పోయింది. సాధారణంగా అయిదేళ్లకోసారి మళ్లీ చేసుకోవాలి, చిన్న సంస్థలకు 2025లో దాన్ని పదేళ్లకు పెంచారు. వచ్చిన ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకే వాడాలి. పెట్టినవాళ్లకు, వాళ్ల బంధువులకు లాభం చేరిస్తే ఆ మేరకు మినహాయింపు పోతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. అసలు సూత్రాలు అవే.

మంచి నియమాలే. కానీ ఆ శాఖకు కావాల్సింది పన్ను సంగతి. మర్రిగూడలో ప్లాంటు నడుస్తుందా లేదా అన్నది దానికి పట్టదు. సంస్థ దాఖలు చేసే ఆడిట్ నివేదిక అధికారి కంప్యూటర్‌లో ఉంటుంది తప్ప మనకు కనపడదు. అసలు మినహాయింపు కోరని సంస్థ అయితే ఆ మాత్రం చూపు కూడా దాని మీద పడదు.

80జీ (విరాళానికి పన్ను తగ్గింపు) రసీదు ఇచ్చారు. అది చాలా?

రసీదుతో ఆగకండి. ఇప్పుడు సంస్థ తనకు ఎవరెవరు ఎంతిచ్చారో ఆదాయపన్ను శాఖకు ఏటా చెప్పి, ఆ వెబ్‌సైట్ నుంచే దాతకు సర్టిఫికెట్ తీసి ఇవ్వాలి. పాత చట్టంలో దాన్ని ఫారం 10బీఈ అనేవాళ్లు, మే 31లోగా ఇవ్వాలి. అది అడిగితే ఇవ్వకుండా నెలలు సాగదీస్తున్నారంటే మీరిచ్చింది లెక్కలో ఎక్కలేదేమోనని అనుమానించాలి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే 80జీ తగ్గింపు రాదు. బియ్యం, దుప్పట్లు లాంటి వస్తువులకు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకూ రాదు.

విదేశీ డబ్బు తీసుకునే సంస్థల మీద గట్టి చట్టం ఉందంటారు. అదే అందరికీ పెడితే?

వద్దు. నేను గట్టిగా చెప్పేది ఇది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010లో వచ్చింది, 2020లో ఇంకా బిగించారు. డబ్బు ముందుగా ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖలోకి రావాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంతకుముందు ఇది 50 శాతం. ఒక సంస్థ తీసుకున్న డబ్బును ఇంకో సంస్థకు పంచకూడదు. 2022లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది.

ఈ పంచకూడదన్న నియమంతో దెబ్బతిన్నది ఎక్కువగా అచ్చంపేట, మక్తల్ లాంటి చోట్ల పనిచేసే చిన్న సంస్థలు. వాళ్లు నేరుగా విదేశీ దాతను పట్టుకోలేరు. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉన్న పెద్ద సంస్థ తెచ్చి ఇస్తేనే వాళ్ల పని నడిచేది.

పారదర్శకత సంగతికొస్తే ఆ చట్టం వెనక్కే పోయింది. ఒకప్పుడు ఈ సంస్థల వార్షిక రిటర్నులు కేంద్ర హోంశాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడగలిగేవాళ్లు. 2022 జూలైలో వాటిని తీసేశారు. మూడు నెలలకోసారి విరాళాల వివరం బయట పెట్టాలన్న నియమాన్నీ ఎత్తేశారు. ఇప్పుడు అధికారి అన్నీ చూడగలడు, జనం మాత్రం చూడలేరు. నియంత్రణ పెరిగితే జవాబుదారీతనం దానంతట అదే పెరగదని ఇక్కడ తెలిసింది.

జీతాలకు ఎక్కువ పెట్టే సంస్థ మంచిది కాదు కదా?

అట్లా అనుకోవద్దు. మన్ననూరు దాటి నల్లమలలో చెంచు పెంటలకు పోయి గర్భిణులకు మందులిచ్చే అమ్మాయికి జీతం ఇవ్వాలి, బండికి పెట్రోలు పోయాలి. ఆ సంస్థకు జీతమే అసలు సేవ. దుప్పట్లు పంచే సంస్థకు జీతాల ఖర్చు ఉండదు, అంతమాత్రాన అది గొప్పది కాదు. చూడాల్సింది శాతం కాదు, జీతం ఎవరికి పోతుందన్నది. అధ్యక్షుడి బిడ్డకు, బామ్మర్దికి ఎంత? ఆఫీసు అద్దె ఎవరి ఇంటికి పోతుంది? కారు ఎవరి పేరు మీద ఉంది? ఈ వివరాలు బయట పెట్టాలని చట్టం అడిగితే శాతాల పరిమితి అక్కర్లేదు.

ఫోన్‌లో క్యూఆర్ కోడ్ పెట్టి అడుగుతున్నారు. ఎట్లా నమ్మాలి?

ఆస్పత్రి మంచం మీద పిల్లవాడి ఫోటో చూసి ఎవరం ఆగలేం. ఒక్క నిమిషం ఆగి ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూడండి. సంస్థ పేరు చెప్పి వ్యక్తి ఖాతాకు అడిగితే ఇవ్వకండి. వీలైతే నేరుగా ఆస్పత్రి ఖాతాకు, పేషెంట్ నంబరు రాసి కట్టండి. మోసమని తేలితే వెంటనే 1930కు ఫోన్ చేయండి. తొలి గంటల్లో చెబితే డబ్బు ఆపే అవకాశం ఉంటుంది.

అనాథ పిల్లల ఆశ్రమానికి ఇవ్వాలనుకుంటున్నాం.

బాలల న్యాయ చట్టం, 2015 కింద నమోదు పత్రం ఉందా అని అడిగి చూడండి. సొసైటీ రిజిస్ట్రేషన్ దీనికి చాలదు. నమోదు లేకుండా పిల్లలను ఉంచడం నేరం. అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

గుడులు, వక్ఫ్ ఆస్తులు కూడా ఇందులో వస్తాయా?

వాటికి వేరే చట్టాలున్నాయి. గుడులకు 1987 దేవాదాయ చట్టం, వక్ఫ్‌లకు వక్ఫ్ చట్టం, వాటి పైన శాఖ, బోర్డు. వాటి కష్టాలు వేరు, వాటి గురించి ఇక్కడ రాయడం లేదు.

ఇతర చోట్ల ఎట్లా ఉంది?

మన పక్క రాష్ట్రం మహారాష్ట్రలో 1950 నుంచే పబ్లిక్ ట్రస్టుల చట్టం, దానికి చారిటీ కమిషనర్ ఉన్నారు. ట్రస్టులు అక్కడ లెక్కలు దాఖలు చేయాలి. నారాయణపేట దాటితే కర్ణాటక, ఇంకొంచెం పోతే మహారాష్ట్ర. అక్కడ ఉన్నది ఇక్కడ ఎందుకు లేదని అడగడంలో తప్పు లేదు. అక్కడా పని ఆలస్యమవుతుందని, ట్రస్టీలు మారినప్పుడు ఇచ్చే మార్పు రిపోర్టులు ఏళ్లకేళ్లు పడి ఉంటాయని ఫిర్యాదులున్నాయి. కాబట్టి దాన్ని అట్లాగే ఎత్తి తేవాలని అనను.

ఇంగ్లండులో చారిటీ కమిషన్ 1853 నుంచి ఉంది. సంస్థ పేరు కొడితే ట్రస్టీల పేర్లు, ఆదాయం, ఖర్చు ఎవరికైనా పైసా కట్టకుండా కనపడతాయి. లెక్కలు ఆలస్యమైతే అదీ కనపడుతుంది. జైలు శిక్షలకంటే ఎక్కువ పనిచేసేది ఇదేనని నాకు అనిపిస్తుంది. "లెక్కలు ఇవ్వలేదు" అని పేరు పక్కన అందరికీ కనపడితే ఏ సంస్థయినా పరుగెత్తుకొచ్చి ఇస్తుంది.

మన దేశంలోనూ ఆలోచన లేక కాదు. రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ 2008లో ఇచ్చిన తొమ్మిదో నివేదికలో సొసైటీలు, ట్రస్టులు అన్నిటినీ కలిపి ఒక ఆధునిక చట్టం చేయాలని, ప్రతి రాష్ట్రంలో చారిటీల కమిషన్ ఉండాలని సిఫారసు చేసింది. 2017లో సుప్రీంకోర్టు కూడా ఈ రంగానికి చట్టం ఆలోచించమని కేంద్రానికి చెప్పింది.

మరి చట్టంలో ఏం మారాలంటారు?

నాకు అన్నిటికంటే ముందు కావాల్సింది "సభ్యుడు" అన్న మాట పక్కన ఇంకో రెండు మాటలు చేరడం: దాత, లబ్ధిదారు. సంస్థకు ఇచ్చినవారు గానీ, సంస్థ ఎవరి పేరు మీద డబ్బు తెచ్చిందో వారు గానీ రాసి అడిగితే నెలలోగా జమా ఖర్చు ఇవ్వాలి. ఇవ్వకపోతే కోర్టు మెట్లెక్కకుండా జిల్లాలోనే వినే అధికారి ఉండాలి. మిగతా మార్పులన్నీ ఈ హక్కు నిలబడడానికే.

ఆ హక్కు పనిచేయాలంటే జాబితా ఒక్కచోట ఉండాలి. సొసైటీ అయినా, ట్రస్టు అయినా, కంపెనీ అయినా తెలంగాణలో ప్రజల దగ్గర డబ్బు అడిగే ప్రతి సంస్థకు ఒకే నంబరు ఇచ్చి, ఆ నంబరు కొడితే తెలుగులో, ఉర్దూలో వివరాలు వచ్చేట్టు చేయాలి. నీతి ఆయోగ్ వాళ్ల ఎన్జీవో దర్పణ్ పోర్టల్ ఉంది. కానీ అందులో చేరడం ప్రతి సంస్థకూ తప్పనిసరి కాదు. రసీదు మీద, కరపత్రం మీద, క్యూఆర్ కోడ్ కింద ఆ ఒకే నంబరు తప్పనిసరి చేయాలి.

బంధువులతో జరిపే లావాదేవీలు విడిగా చూపాలి. ఒక పని కోసం తెచ్చిన డబ్బును ఇంకో పనికి మళ్లిస్తే ఎందుకు మళ్లించారో తీర్మానంతో సహా చెప్పాలి. సంస్థ మూతపడితే ఆస్తులు ఎక్కడికి పోయాయో జాబితాలో కనపడాలి. మా ఊరి ప్లాంటు షెడ్డు ఇప్పటికీ తాళం వేసి ఉంది. లోపల మోటారు ఉందో అమ్మేశారో మాకు తెలియదు.

ఇన్ని నియమాలు పెడితే చిన్న సంఘాలు నలిగిపోవా?

నలిగిపోతాయి, కోశాధికారిగా నాకు ఆ టెన్షన్ తెలుసు. మార్చి నెలాఖరున రసీదు బుక్కులు ముందేసుకుని, కలవని 40 రూపాయల కోసం రెండు రాత్రులు కూర్చున్నాను. మా సంఘం ఏడాది ఆదాయం ఒక్క సీఏ ఫీజుకు కూడా సరిపోదు.

అందుకే సంస్థ ఎంత పెద్దదైతే బాధ్యత అంత పెద్దది కావాలి. కొన్ని వేలు, లక్షా రెండు లక్షల లోపు తిరిగే సంఘం ఒక్క పేజీ జమా ఖర్చు రాసి, ముగ్గురు సంతకాలు చేసి, ఫోటో తీసి అప్‌లోడ్ చేస్తే చాలనాలి. దానికి ఆడిటర్ అడగకూడదు. కోట్లు తిరిగే సంస్థ పూర్తి ఆడిట్, బంధువుల లావాదేవీలు, పని నివేదిక ఇవ్వాలి. మన మహిళా సంఘాల్లో పదో తరగతి చదివిన అమ్మాయిలు పొదుపు పుస్తకాలు, తీర్మానాలు, అప్పుల పద్దులు ఏళ్లుగా తప్పు లేకుండా రాస్తున్నారు. ఫారం తెలుగులో, ఒక్క పేజీలో ఉంటే చిన్న సంఘాలు తప్పకుండా నింపుతాయి.

ఇదంతా ప్రభుత్వం చేతికి కొరడా ఇచ్చినట్టు కాదా?

ఆ భయం న్యాయమైనదే. భూమి గురించో, వెట్టి గురించో, మైనింగ్ గురించో ప్రశ్నించే సంస్థను లెక్కల పేరుతో మూయించడం కష్టం కాదు. అందుకే అధికారం ఒక శాఖ చేతిలో కాకుండా స్వతంత్ర కమిషన్ చేతిలో ఉండాలి. న్యాయ రంగం నుంచి, స్వచ్ఛంద రంగం నుంచి వచ్చినవాళ్లు అందులో కూర్చోవాలి. నోటీసు లేకుండా, వాదన వినకుండా, కారణం రాయకుండా రద్దు చేయకూడదు. మొదటి తప్పుకు సరిదిద్దుకునే గడువు ఇవ్వాలి, చివరి మెట్టుగానే రద్దు ఉండాలి. సంస్థను నడిపే అభిప్రాయాలు, నమ్మకాలు కమిషన్ పరిధిలోకి రాకూడదు. అది అడగాల్సింది డబ్బు గురించే.

ఊరి స్థాయిలో ఎవరు చూస్తారు? కమిషన్ హైదరాబాద్‌లో ఉంటుంది కదా?

దీనికి మన దగ్గరే పుట్టిన జవాబు ఉంది. ఉపాధి హామీ పనులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీ మొదలైంది, 2009లో దానికంటూ ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. ఊరి పిల్లలే శిక్షణ తీసుకుని, పక్క ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి, మస్టర్‌లో ఉన్న పేరు, చేతికి ముట్టిన కూలి సరిపోయాయా అని అడిగి, మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందు చదువుతారు. చదవడం రాని ముసలమ్మ కూడా లేచి "నాకు ముట్టలే" అని చెప్పగలదు. ఆ తనిఖీలో బయటపడిన డబ్బంతా వసూలు కాలేదన్నది నిజమే. అయినా లెక్క ఊరి ముందు చదవాలన్న అలవాటు మనకు అట్లా వచ్చింది.

అదే పద్ధతిలో, ఒక గ్రామం పేరు చెప్పి పెద్ద మొత్తం తెచ్చిన సంస్థ ఏడాదికోసారి ఆ గ్రామసభలో జమా ఖర్చు చదవాలని చట్టంలో రాయాలి. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బుతో చేసే పనులకూ ఇదే వర్తించాలి. చట్టప్రకారం లాభంలో 2 శాతం ఖర్చు చేయాల్సిన కంపెనీ తన నివేదిక తన వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులో పెడుతుంది. బడి గోడ కట్టించిన ఊళ్లో ఎంత పెట్టారో ఎవరికీ తెలియదు.

చట్టం మారేలోగా మా సంఘం ఏం చేయవచ్చు?

మేం చేస్తున్నది చెబుతాను. రసీదు లేకుండా పది రూపాయలు కూడా తీసుకోం. ఖాతా ఇద్దరి సంతకాలతో నడుస్తుంది, ఆ ఇద్దరు ఒకే ఇంటివాళ్లు కాకూడదని తీర్మానం రాసుకున్నాం. ప్రతి ఉగాదికి ముందు గ్రామపంచాయతీ గోడ మీద జమా ఖర్చు అంటిస్తాం. మొదటి ఏడాది ఒకాయన వచ్చి టెంటు కిరాయి ఎక్కువ రాశారన్నాడు. చూస్తే నిజమే, రెండుసార్లు రాశాం. అక్కడే దిద్దాం. ఆ ఏడాది నుంచి చందాలు తగ్గలేదు, పెరిగాయి.

ఢిల్లీ చట్టం చేసేదాకా ఆగాలా? మన అసెంబ్లీ చేయగలదా?

చేయగలదు. రాజ్యాంగంలో ధర్మాదాయ సంస్థలు ఉమ్మడి జాబితా 28వ అంశంలో ఉన్నాయి, సొసైటీలు రాష్ట్ర జాబితా 32వ అంశంలో ఉన్నాయి. 2001 చట్టాన్ని సవరించే అధికారం తెలంగాణ శాసనసభదే. సెక్షన్ 23లో ఆ రెండు మాటలు చేర్చడానికి ఢిల్లీ చట్టం కోసం ఆగక్కర్లేదు. మీ ఎమ్మెల్యేకు రాయండి, శాసనసభ పిటిషన్ల కమిటీకి పంపండి. నేను పంపిన కాగితంలో అడిగింది ఒక్కటే: "ఏ సభ్యుడైనా" అన్నచోట "ఏ సభ్యుడైనా, దాత అయినా, లబ్ధిదారు అయినా" అని మార్చండి. కింద మా ఊరివాళ్లు 112 మంది సంతకాలు పెట్టారు, వేలిముద్రలు కూడా ఉన్నాయి.